పదకొండో తరగతిలో కాలేజీ పాఠం

ఏ మాస్టారి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆయన పి.యు.సి. (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) రోజుల నుంచి లెక్కలు చెప్పినవారు. అప్పట్లో ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన పిల్లవాడు పదిహేను, పదహారేళ్లకే డిగ్రీ కాలేజీ మెట్లెక్కేవాడు. బి.ఎస్సీ. వాళ్లు తిరిగే వరండాలో తిరిగేవాడు, వాళ్లు కూర్చునే లైబ్రరీలో కూర్చునేవాడు, వాళ్లకు చెప్పే లెక్చరర్ దగ్గరే పాఠం వినేవాడు. 1969-70లో ఆంధ్రప్రదేశ్‌కు రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక ఆ వయసు పిల్లలు క్రమంగా విశ్వవిద్యాలయాల పరిధి దాటి ఇంటర్ బోర్డు కిందికి వెళ్లారు. మనం వదిలేసిన ఆ పద్ధతికి దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా పెరుగుతోంది. అక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చినవాణ్ని గనక దాని గురించి మాట్లాడమన్నారు.

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు దాన్ని. టెక్సాస్‌లో అయితే డ్యూయల్ క్రెడిట్. పిల్లలు హైస్కూల్లో ఉంటూనే, ఎక్కువగా పదకొండు, పన్నెండు తరగతుల్లో, కాలేజీ కోర్సు తీసుకుంటారు. పాసైతే ఆ కోర్సు స్కూల్లోనూ లెక్కకు వస్తుంది, కాలేజీ క్రెడిట్లలోనూ జమవుతుంది. అక్కడి మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష వేరు. అందులో క్రెడిట్ అంతా మే నెలలో రాసే పరీక్ష మీద, అయిదుకు ఎంత వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇందులో సెమిస్టర్ పొడుగునా చేసిన పనికి గ్రేడు వేస్తారు.

కనెక్టికట్ విశ్వవిద్యాలయం 1955లోనే హైస్కూళ్లలో తన కోర్సులు మొదలుపెట్టింది. అసలు మలుపు మాత్రం 1985లో మిన్నెసోటా చేసిన చట్టం. దాని ప్రకారం పిల్లవాడు కాలేజీకి వెళ్లి చదివితే ఫీజు, పుస్తకాల ఖర్చు ఇంటి మీద పడవు. రూడీ పెర్పిచ్ గవర్నర్‌గా ఉండగా వచ్చిన ఈ చట్టం స్కూళ్ల యాజమాన్యాలకు రుచించలేదు, పిల్లవాడితో పాటు డబ్బూ కాలేజీకి పోతుంది కదా! 1990లో వాషింగ్టన్ రాష్ట్రం ‘రన్నింగ్ స్టార్ట్’ పేరుతో అదే బాట పట్టింది. 2022-23 నాటికి దేశం మొత్తం మీద ఇలా కాలేజీ కోర్సు తీసుకున్న స్కూలు పిల్లలు దాదాపు 25 లక్షలు.

ఇది ఎవరి కోసం అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. మొదట అమెరికన్లు చురుకైన పిల్లల గురించే ఆలోచించారు. హచిన్స్ నాయకత్వంలోని చికాగో విశ్వవిద్యాలయం పదో తరగతి అయినవాళ్లను నేరుగా చేర్చుకుంది. 1951లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో పదహారేళ్ల కుర్రాళ్లు కొందరు చికాగో, కొలంబియా, యేల్, విస్కాన్సిన్‌లలో చేరారు. సైన్యం పిలిచేలోగా రెండేళ్ల కాలేజీ చదువైనా దక్కాలని! 1966లో మసాచుసెట్స్‌లో సైమన్స్ రాక్ అనే కాలేజీ అచ్చంగా ఈ వయసు వాళ్ల కోసమే తెరుచుకుంది.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నడిచింది 1974లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో జరిగిన ప్రయోగం. లగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీలో జానెట్ లీబర్మన్ అనే అధ్యాపకురాలు కాలేజీ ఆవరణలోనే ఒక హైస్కూలు తెరిపించారు. పిలిచింది ర్యాంకుల వాళ్లను కాదు, చదువు మానేసే సూచనలున్న పిల్లల్ని. స్కూల్లోనే నిలవని పిల్లలు కాలేజీలో నిలుస్తారా? ఆమె ఆలోచన వేరు. పగలు పనిచేసుకుని సాయంత్రం క్లాసుకు వచ్చే పెద్దవాళ్ల మధ్య తిరిగితే, కాలేజీ అనేది తనలాంటి వాళ్లకూ ఉందని పిల్లవాడికి కళ్లారా తెలుస్తుంది. ఎంత బోధించినా రానిది ఆ చోటు వల్ల వస్తుందని ఆమె నమ్మకం.

నా మొగ్గు ఈ రెండో దారి వైపే, దానికి ఆధారమూ ఉంది. 2002 నుంచి గేట్స్ ఫౌండేషన్ ఊతంతో దేశమంతటా ‘ఎర్లీ కాలేజీ’ స్కూళ్లు వెలిశాయి. పేద ఇళ్ల పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ ముఖం చూసేవాళ్లు వాటికి ముఖ్యం. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ తీశారు. పరిశోధకులకు అది వరమైంది. పేరు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య తేడా అదృష్టం ఒక్కటే కాబట్టి, తర్వాత కనిపించిన తేడాను స్కూలు ఖాతాలో వేయవచ్చు. పది స్కూళ్ల మీద అలా చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. లాటరీలో పేరు వచ్చినవాళ్లలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు 86 శాతం, అవతల, రానివాళ్లలో, 81. కాలేజీలో చేరినవాళ్లు 80 శాతం, అవతల 71. ఇవి మంచి తేడాలే. కానీ ఆ అధ్యయనం ముగిసే నాటికి ఏదో ఒక కాలేజీ డిగ్రీ, ఎక్కువగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, చేతికొచ్చినవాళ్లు 22 శాతం, అవతల రెండంటే రెండు శాతం. తెలివైన పిల్లవాడికి ఈ పద్ధతి ఒక ఏడాదో, కొంత ఫీజో మిగులుస్తుంది. వీళ్లకు మిగిల్చింది అంతకంటే చాలా పెద్దది.

తరగతి గదిలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. మొదటి రోజు చేతికి సిలబస్ కాగితం వస్తుంది. ఏ వారం ఏ పాఠం, ఏ పరీక్షకు ఎన్ని మార్కులు, ఏ తేదీలోగా కోర్సు వదులుకోవచ్చు, అన్నీ అందులోనే. ఆ తర్వాత ఎవరూ గుర్తు చేయరు. అర్థం కాకపోతే ఆఫీసు వేళల్లో తలుపు తట్టాలి. తట్టడానికి మొహమాటపడే పిల్లలే ఎక్కువ, ముఖ్యంగా మన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. తల్లిదండ్రులకైతే ఇంకో ఆశ్చర్యం. 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం కాలేజీ రికార్డు మీద హక్కు, పదహారేళ్లవాడైనా సరే, విద్యార్థిదే. “మావాడికి ఎన్ని వచ్చాయండీ మాస్టారూ?” అని తెలుగులోనే ఫోన్ చేసే తండ్రులకు “వాణ్నే అడగండి” అని చెప్పడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. తన మార్కుల సంగతి ఇంట్లో తనే చెప్పుకోవలసి రావడం కూడా చదువే. ఇల్లు దగ్గరుండగా, అన్నం అమ్మ పెడుతుండగా ఈ స్వేచ్ఛను అలవాటు చేసుకోవడం, పద్దెనిమిదేళ్లకు ఒక్కసారిగా హాస్టల్లో పడటం కంటే నయం.

ఇబ్బందులు లేవని కాదు. పదహారేళ్లకు తెచ్చుకున్న ఎఫ్ గ్రేడు కాలేజీ రికార్డులో ఉండిపోతుంది, ఆర్థిక సాయం అడిగే నాడూ కనిపిస్తుంది. ప్రభుత్వ కాలేజీలు సాధారణంగా ఒప్పుకునే క్రెడిట్లను పేరున్న ప్రైవేటు కాలేజీలు తోసిపుచ్చవచ్చు. స్కూల్లోనే కోర్సు చెప్పాలంటే టీచరుకు మాస్టర్స్ డిగ్రీ, ఆ సబ్జెక్టులో పద్దెనిమిది గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ఉండాలన్నది చాలాచోట్ల నియమం. పల్లె స్కూళ్లలో అలాంటి టీచర్లు దొరకడం కష్టం. అందుకే అవసరమున్న చోటికి కోర్సు చేరదు. 2023లో టెక్సాస్ పేద పిల్లలకు ఈ కోర్సులు ఉచితం చేసింది ఇలాంటి అంతరం కొంతైనా పూడుతుందనే.

మన దగ్గర? పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో చేరి, ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏడాదిలో కూర్చునే దారి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని మనం చిన్నచూపు చూశాం. 2008లో పుట్టిన ఆర్.జి.యు.కె.టి. (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) ఇంకా ధైర్యమైన పని. ప్రధానంగా పదో తరగతి మార్కులతో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లె పిల్లల్ని ఆరేళ్ల చదువుకు తీసుకుంది. వసతుల మీద, అధ్యాపకుల కొరత మీద 2022లో బాసర విద్యార్థులు రోడ్డెక్కిన మాట నిజమే. అది నిర్వహణ లోపం, ఆలోచన లోపం కాదని నా అభిప్రాయం.

ఆరో తరగతి నుంచి నడిచే ఐఐటీ ఫౌండేషన్ క్లాసులను మాత్రం దీనితో కలపకండి. అక్కడ పైతరగతి లెక్కలు ముందే చేయిస్తారు, పిల్లవాడి చుట్టూ ఉన్న ప్రపంచం మాత్రం ఇంకా ఇరుకవుతుంది. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌ను మనం అలాగే దిగుమతి చేసుకుంటే ఏడాదిలోగా దానికీ ఒక కోచింగ్ సెంటర్ వెలుస్తుంది.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ట్రస్టు నిర్వాహకులు ఒక సూచన అడిగారు. ఈ ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. విద్యార్థి క్రెడిట్లను జమచేసి ఉంచడానికి జాతీయ విద్యావిధానం తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కూడా ఇప్పుడు ఉంది. రెండు కాలేజీలూ విశ్వవిద్యాలయంతో మాట్లాడుకుని, ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఒక్క డిగ్రీ కోర్సు తెరవవచ్చు. ఎం.పి.సి. వాళ్లతో మొదలుపెట్టవద్దు. వాళ్లకు ఈఏపీసెట్ గొడవ చాలు. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. పిల్లలకు ఇవ్వండి, ఫీజు ఈ ట్రస్టు కట్టనివ్వండి. కోర్సు స్టాటిస్టిక్స్ అయితే, మొదటి సెమిస్టర్ పాఠం చెప్పడానికి నేను సిద్ధం.