ఐ-20 నుంచి ఓపీటీ దాకా

బీటెక్ పట్టా చేతికి రాగానే చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసే పిల్లల్ని చూస్తూనే ఉంటాం. వీసా వస్తే 108 బాకీ. దేవుడి పని దేవుడిది, కాగితాల పని మాత్రం మనదే.

అమెరికా చదువుకైతే ముందు యూనివర్సిటీ నుంచి ఐ-20 అనే ప్రవేశ ధ్రువపత్రం రావాలి. ఆ తర్వాత విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్ రుసుము 350 డాలర్లు కట్టి, వీసా దరఖాస్తు డీఎస్-160 నింపి, ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి. రుసుములు మారుతుంటాయి, కట్టేముందు అధికారిక సైటు చూసుకోండి. ఇంటర్వ్యూలో కిటికీ ముందు నిలబడేది కొద్ది నిమిషాలే. వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద వీసా కాదన్నారంటే, చదువయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం అధికారికి సాధారణంగా కుదరలేదన్నమాట. అది శాశ్వత నిషేధం కాదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్సల్టెన్సీవాళ్లు బట్టీ పట్టించిన జవాబులు మాత్రం అప్పజెప్పకండి. ఆ అధికారులు పొద్దుటి నుంచీ అవే వింటుంటారు!

అసలు చిక్కు వెళ్లాక మొదలవుతుంది. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. గ్యాస్ స్టేషన్‌లో దొంగచాటుగా చేస్తే విద్యార్థి స్టేటస్‌కే ఎసరు. చదవకుండా పేరుకే కాలేజీలో చేరినా అంతే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. క్లాసులే లేని ఆ కాలేజీ అమెరికా ప్రభుత్వం పన్నిన వల. చిక్కుకున్నవాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసేందుకు అనుమతి, 12 నెలలు. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో 24. తొలి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఓపీటీలో ఉండగా ఇంటికి వచ్చి వెళ్లాలంటే, ఐ-20 మీద కాలేజీవాళ్ల ప్రయాణ సంతకం ఆర్నెల్ల లోపుదై ఉండాలి. టికెట్ కొనేముందే చూసుకోండి.