సముద్రంలో చిరునామా



నేనూ మీలాంటిదాన్నే. చేపల తట్ట మోసినదాన్నే. పెద్దయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ రోజు మీతో జీపీఎస్ గురించి మాట్లాడతాను.

మన తాతలు చుక్కలు చూసి దారి తెలుసుకునేవారు. ఒడ్డు మీది కొండను చూసి ఊరు గుర్తుపట్టేవారు. కానీ మబ్బు పడితే చుక్క కనిపించదు. దూరం పోతే కొండ కనిపించదు. ఇప్పుడు చాలా బోట్లలో ఒక చిన్న పెట్టె ఉంటోంది. అదే జీపీఎస్. సెల్‌ఫోనుల్లోనూ అది ఉంటోంది.

అది ఎలా పనిచేస్తుంది? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. అవి అమెరికా వాళ్ళవి. మన దేశానికి కూడా నావిక్ అనే సొంత ఏర్పాటు ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013లో మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్ళింది.

మెరుపు మెరిశాక ఉరుము ఆలస్యంగా వినబడితే, పిడుగు దూరంగా పడిందంటాం కదా? ఇదీ అలాంటిదే. ఉపగ్రహం పంపిన సంకేతం ఎంతసేపటికి చేరిందో పెట్టె లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, తాను ఎక్కడ ఉందో తెలుసుకుంటుంది. రెండు లెక్కలు చూపిస్తుంది. ఒకటి ఉత్తరం లెక్క. రెండోది తూర్పు లెక్క. సముద్రంలో అదే మన చిరునామా.

ఒక మాట గుర్తుంచుకోండి. మామూలు జీపీఎస్ పెట్టె వింటుంది, అంతే. తిరిగి ఎవరికీ చెప్పదు. "పైనుంచి ఎవరో చూస్తుంటారులే" అనుకోవద్దు. బోటు వాళ్ళు ఆ లెక్కను ఒడ్డుకు చెప్పాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు రాసుకోవాలి.

కొన్నేళ్ళ కిందట మా మరిది బోటు ఇంజను ఆగిపోయింది. ఒక్కసారి ఫోను కలిసింది. "వదినా, రాసుకో" అని అంకెలు చెప్పాడు. నాకు రాయడం రాదు. పిల్లలు బడికి వెళ్ళారు. మనసులో పెట్టుకుందామనుకున్నాను. హార్బరుకు పరుగెత్తేసరికి అంకెలన్నీ కలిసిపోయాయి. మళ్ళీ ఫోను కలవలేదు. ఆ రాత్రంతా మా తోడికోడలు గుమ్మంలోనే కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం మరో బోటు వాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. నలుగురూ బతికి వచ్చారు. ఆ వారమే నేను పలక పట్టాను.

ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో చూడండి. 17 డిగ్రీల 28 నిమిషాలు ఉత్తరం, 83 డిగ్రీల 40 నిమిషాలు తూర్పు. ఇది విశాఖపట్నానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఒక చోటు. 17 బదులు 18 రాశామనుకోండి. 111 కిలోమీటర్ల తేడా వస్తుంది. అప్పుడు బోటును రాజాం పొలాల్లో వెతకాలి! ఇక్కడ నిమిషం అంటే గడియారం నిమిషం కాదు. డిగ్రీలో 60వ వంతు. అది ఒక్కటి తప్పినా దాదాపు 2 కిలోమీటర్లు పోతుంది.

ఈ లెక్క ఆపదకే కాదు, వేటకూ పనికొస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లను ఇదే లెక్కలో చెబుతుంది. చదవడం వస్తే డీజిలు ఖర్చు తగ్గించుకోవచ్చు.

మరి మనం ఏం చేయాలి? ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. బోటు నంబరు, ఎక్కినవాళ్ళ పేర్లు, బయలుదేరిన రోజు రాయండి. ఫోను వస్తే లెక్కను అంకె అంకెగా రాయండి. రాసింది తిరిగి చదివి వినిపించండి. ఎన్ని గంటలకు చెప్పారో కూడా రాయండి. ఆపద అయితే కోస్టుగార్డుకు 1554 నంబరుకు ఫోను చేయండి. ఆ లెక్క చదివి చెప్పండి.

ఉపగ్రహం ఆకాశంలో ఉంది. పెట్టె బోటులో ఉంది. పెన్సిలు మన చేతిలో ఉంది. రండి, పుస్తకం తెరవండి. మొదటి పేజీలో మీ బోటు నంబరు రాయండి.