వీధి వరస: లష్కర్ పాత బజార్ల సంరక్షణ

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు చెప్పింది చరిత్రే అయినా, ఆ పాఠాల్లో రాజుల కంటే రోడ్లే ఎక్కువగా ఉండేవి. అందుకే నేనూ రోడ్లనే ఎంచుకున్నాను.

లష్కర్ అని మనం పిలుచుకునే సికింద్రాబాదులో చార్మినార్ లేదు. పాత బజార్లను కాపాడుకోవడంలో మన కష్టమంతా అక్కడే మొదలవుతుంది. 1798లో ఈస్టిండియా కంపెనీతో నిజాం కుదుర్చుకున్న ఒప్పందం వల్ల హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన పటాలం దిగింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు ఈ చోటికి వచ్చింది. పటాలానికి గుడ్డ కావాలి, గోధుమపిండి కావాలి, గుర్రాలకు దాణా కావాలి, జీతం రాని నెల అప్పిచ్చే సాహుకారు కావాలి. ఆ అవసరాల చుట్టూ రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్, పాట్ మార్కెట్, మోండా మార్కెట్ పెరిగాయి. మొదలియార్లు, మార్వాడీలు, పార్సీలు, గుజరాతీలు, తెలుగువాళ్లు పక్కపక్కనే మల్గీలు పెట్టుకున్నారు. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య కలరా భయం తీరాక 1815లో నెలకొల్పిన ఉజ్జయినీ మహంకాళి గుడి, 1847 నాటి పార్సీల అగ్ని ఆలయం అగ్యారీ, 1862లో బడిగా మొదలైన మహబూబ్ కాలేజీ, అన్నీ ఈ ఒక్క ఊళ్లోవే. చికాగో వెళ్లబోయే ముందు, 1893 ఫిబ్రవరి 13న, వివేకానందుడు మాట్లాడింది ఆ మహబూబ్ కాలేజీలోనే.

వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా తాజ్‌మహల్ కాదు. కలిపి చూస్తే మాత్రం దేశంలో ఇలాంటి ఊళ్లు ఎక్కువ లేవు. మన చట్టాలకు ఈ ‘కలిపి చూడటం’ చేతకాలేదన్నదే ఈ సాయంత్రం నా ఫిర్యాదు.

చేతకాలేదంటున్నాను, తెలియదని కాదు. బొంబాయి తర్వాత హెరిటేజ్ నిబంధనలు తెచ్చుకున్న నగరం మనదే. 1995 డిసెంబరులో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేరింది. అందులో భవనాలతో పాటు ప్రాంతాలను కూడా రక్షించవచ్చని రాశారు. 1998లో రక్షించాల్సిన వాటి జాబితా వచ్చింది. ప్రాంతం అన్న అంశం మాత్రం ఎక్కువగా రాతి గుట్టలకే అక్కరకొచ్చింది. గుట్టలు దక్కాలి, కాదనను. కానీ జనరల్ బజార్‌కు ఆ గౌరవం దక్కలేదు.

భవనాలను ఒక్కొక్కటిగా కాపాడితే ఏమవుతుందో జేమ్స్ స్ట్రీట్‌లో చూడండి. ఇప్పుడది మహాత్మాగాంధీ రోడ్డు. సేఠ్ రాంగోపాల్ కట్టించిన పాత పోలీసు స్టేషన్ గడియారపు బురుజుతో అక్కడ నిలబడి ఉంది. జాబితాలో పేరుంది కనుక కూలగొట్టలేదు. దాని ఎత్తుకు, వరండాకు, కమానులకు జోడుగా నిలిచిన ఇరుగుపొరుగు మేడలకు మాత్రం ఏ జాబితా లేదు. వాటి చోట గాజు అద్దాల షోరూములు, ఫ్లెక్సీలు వచ్చాయి. పెళ్లివారంతా వెళ్లిపోయాక పందిట్లో మిగిలిన ఒక్క ముసలాయనలా ఉంది ఇప్పుడా కట్టడం.

జాబితాలో లేకపోతే ఏమవుతుందో రైల్వే స్టేషన్‌లో చూశాం. 1874 నుంచి అక్కడ స్టేషన్ ఉంది. 2023 ఏప్రిల్‌లో సుమారు 700 కోట్ల రూపాయల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. 2025 ఫిబ్రవరిలో మనందరికీ తెలిసిన ఆ ముఖద్వారపు భవనాన్ని పడగొట్టారు. ప్రయాణికులు పెరిగారు, స్టేషన్ పెరగాలి, ఒప్పుకుంటాను. ముందరి కమానులను ఉంచి వెనక ఎంత కట్టుకున్నా అడిగేవారు లేరు. ఆ ఆలోచన చేయమని బలవంతపెట్టే కాగితం ఒక్కటీ లేదు, అంతే.

ఉన్న కాగితమూ చిరిగింది. 13వ నిబంధనను 2015 డిసెంబరులో తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. పాత జాబితా గతేమిటన్న తగువు కోర్టుకెక్కింది. ఎర్రమంజిల్ మహలును పడగొట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కోర్టు ఒక మహలును కాపాడగలదు, వీధికోసం కోర్టుకు పోయేదెవరు?

ఇక వీధి ఎలా పోతుందో దగ్గరగా చూద్దాం. పాత మేడ గోడ డంగు సున్నంతో కట్టినది. ఆ గోడ చెమ్మ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పెచ్చులూడాయని మేస్త్రీ దానిమీద సిమెంటు పూస్తాడు. లోపలి చెమ్మకు దారి మూసుకుపోయి ఇటుక లోలోపలే పొడి అవుతుంది. కొన్ని వానాకాలాలు గడిచాక ‘శిథిల భవనం’ అని గోడకు నోటీసు అంటిస్తారు. గోడను చంపింది వయసు కాదు, మరమ్మతు.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు రెండో దెబ్బ. పాత మల్గీలన్నీ రోడ్డు అంచునే భుజం భుజం కలిపి నిలబడ్డాయి. నేటి నిబంధనలు కొత్త కట్టడాన్ని సెట్‌బ్యాక్ పేరుతో వెనక్కి జరపమంటాయి. ఒకటి వెనక్కి పోగానే వరస తెగింది, ఆ ఖాళీలో స్కూటర్లు నిలబడ్డాయి. ప్రతి యజమానీ చట్టం ప్రకారమే నడుచుకున్నాడు, బజారు మాత్రం మిగల్లేదు. టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతి విధానం వచ్చాక చిన్న జాగాలకు అనుమతి ఇంకా సులువైంది. సామాన్యుడికి అది మేలే. అయితే జాబితాకెక్కని పాత మేడ అక్కడ ఉందా అని ఆ ప్రక్రియలో అడిగే దిక్కు లేకపోయింది.

యజమానిని తిట్టడం నాకిష్టం లేదు. తాతల నాటి పగిడీ కిరాయి ఒప్పందం, 1960 నాటి అద్దె చట్టం, పంపకాలు తెగని వారసులు! వచ్చే అద్దె పెంకుల ఖర్చుకైనా చాలదు. మలేసియాలోని జార్జ్‌టౌన్ కథ ఇక్కడ చెప్పాలి. అక్కడ 2000లో అద్దెల నియంత్రణ ఎత్తేశారు. పాత కిరాయిదార్లు చాలామంది ఖాళీ చేయాల్సి వచ్చింది. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చాక మేడలు మెరిశాయి, హోటళ్లయ్యాయి. మనకు అలాంటి మెరుపూ వద్దు. రోడ్డు వెడల్పుకు జాగా వదిలినవారికి బదలాయించుకోగల నిర్మాణ హక్కు (టీడీఆర్) ఇస్తున్నాం. హెరిటేజ్ కట్టడాలకూ అది ఇవ్వవచ్చని నిబంధనల్లో ఉంది. పాత ముఖభాగాన్ని నిలబెట్టి, కిరాయిదారును ఉంచుకున్న యజమానికి దాన్ని చేతికందేలా చేయాలి.

ప్రాంతాన్ని ఏకంగా రక్షించడం కొత్త సంగతేం కాదు. ఫ్రాన్స్ 1962లో, బ్రిటన్ 1967లో చట్టం చేసుకున్నాయి. ఒక్క ఇంగ్లండులోనే అలాంటి ప్రాంతాలు పదివేల దాకా ఉన్నాయి. అక్కడ జనం మ్యూజియంలో బతకడం లేదు. దుకాణాలు మారుతాయి, లోపలి గదులు మారుతాయి, వీధివైపు ఎత్తు, వరస, కిటికీల తీరు మారవు.

సికింద్రాబాదు కంటోన్మెంట్ గురించి ఒక్క మాట. అక్కడి బంగళాల్లో చాలావాటికి నేల రక్షణ శాఖది, కట్టడం మాత్రమే అనుభవించేవారిది. అనుమతులు కఠినం. ఆ కఠినత్వం వల్లే మారేడుపల్లి దాటగానే ఇంకా చెట్లు, పెంకుల కప్పులు కనిపిస్తున్నాయి. మనం చేసిన రక్షణ కాదది, ఫైళ్ల జాప్యం పెట్టిన భిక్ష. కంటోన్మెంట్ పౌర ప్రాంతాలను నగరపాలనలో కలపాలన్న ప్రతిపాదన నడుస్తోంది. నీళ్లకూ రోడ్లకూ అది మంచిదే. కానీ కలిపిన మరుసటి ఉదయం అక్కడి నేల విలువ ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. బంగళాల వీధులకు నియమాలు కలపకముందే రాసుకోవాలి.

ఇలాంటి నియమాలు రాయించుకునే అదను ఇప్పుడుంది: హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2050 మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. ముసాయిదా వచ్చాక అభ్యంతరాలకు, సూచనలకు గడువిస్తారు. జనరల్ బజార్, పాట్ మార్కెట్, రెజిమెంటల్ బజార్, మహాత్మాగాంధీ రోడ్డు కలిపి ఒకే రక్షిత ప్రాంతంగా గీయాలని, అక్కడ సెట్‌బ్యాక్ మినహాయించి వీధి ఎత్తుకు హద్దు పెట్టాలని ఆ గడువులోగా మీరంతా రాయండి. మీ ఇంటి నంబరు, సంతకం వేసి, ఎవరికి వారు విడివిడిగా రాయండి.