పాండురోగము – దాని భేదములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్య, వివాహము, విద్యార్థి వసతిగృహము మున్నగు విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిన పిదప రక్తమును గూర్చి మేము మాటాడుట వింతగా తోపవచ్చును. కాని మన గృహములయందు మిక్కిలి సామాన్యమై, మిక్కిలి ఉపేక్షింపబడుచున్న రోగము పాండురోగమే. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఆ లెక్కలో మన యాడుబిడ్డలును ఉన్నారు.

మేము బడిలో పాఠములు చెప్పు దినములలో బలపములు కొఱికి తిను బాలికలను పలుమాఱు చూచితిమి. దురభ్యాసమని యెంచి మందలించితిమి; ఒకరిద్దఱిని బల్లపై నిలువబెట్టితిమి. పిమ్మట చరకసంహితను మరల చదువునపుడు మా తప్పు మాకు తెలియవచ్చినది. చరకుడు పాండురోగము ఐదు విధములని చెప్పి, మృద్భక్షణమువలన కలుగుదానిని ఐదవదిగా పేర్కొనెను. మన్ను తినుటచే పాండువు కలుగునని ఆయన మతము. దేహమున ఇనుము తగ్గినపుడు మన్ను, బలపము, పచ్చిబియ్యము తినవలెనను కోరిక పుట్టునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆ బాలికలను మేము వైద్యునికడకు పంపవలసినది, దండించితిమి.

రక్తములోని ఎఱ్ఱకణములయందు హిమోగ్లోబిన్ అను పదార్థము కలదు. ప్రాణవాయువును సర్వాంగములకు మోసికొనిపోవునది ఇదియే. ఒక్కొక్క కణము సుమారు 120 దినములు జీవించును. కణములు చాలినన్ని పుట్టకున్నను, అకాలమున నశించినను, రక్తము వెలికి పోయినను పాండువు కలుగును. హిమోగ్లోబిన్ డెసీలీటరునకు పురుషులలో 13, స్త్రీలలో 12, గర్భిణులలో 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు.

దీనిలో మొదటి భేదము ఇనుములోపము. అధిక ఋతుస్రావము, వెంటవెంట కాన్పులు, కొంకిపురుగులు దీనికి కారణములు. అందఱును భుజించిన పిదప మిగిలినది తిను మన యిల్లాండ్ర ఆచారమును దీనికి తోడగుచున్నది. ఆకుకూరలతో నిమ్మరసమో ఉసిరికయో చేర్చిన ఇనుము వంటబట్టును. భోజనముతో తేనీరు త్రాగిన ఆ గుణము తగ్గును. పురుషులకు ఈ లోపము కనబడినచో కడుపులో రక్తము కారుచున్నదేమో పరీక్షింపవలయును.

రెండవది ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను చాలమివలన కణములు పెద్దవియై కలుగునది. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల పాండువు ఈస్టు సారముచే కుదురుటను ప్రకటించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1945లో దానిని కృత్రిమముగా సిద్ధముచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బి12 శాకములయందు లేదు. శాకాహారులకు పాలు పెరుగులే దిక్కు.

మూడవది వంశానుగతము. కొడవలివలె వంగు కణములు గల సికిల్ సెల్ వ్యాధియు, తలసీమియాయు ఇట్టివి. తల్లినుండియు తండ్రినుండియు లోపబీజము సంక్రమించిననే ఘోరవ్యాధి కలుగును. ఒక్కరినుండి వచ్చినచో ఆ మనుష్యుడు వాహకుడు మాత్రమే. సాధారణముగా ఆరోగ్యవంతుడై యుండును. వాహకులిద్దఱు దంపతులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు ఘోరవ్యాధి కలుగుటకు నాలుగింట ఒకపాలు అవకాశము కలదు. తలసీమియా తీవ్రమైన శిశువునకు జీవితాంతము రక్తమెక్కింపవలసివచ్చును. తలసీమియా వాహకుల కణములును చిన్నవిగానే యుండుటచే ఇనుములోపమని భ్రమపడి ఏండ్లతరబడి వృథాగా ఇనుపమాత్రలు మ్రింగువారు కలరు.

ఇందువలననే ఈ విషయమును ఈ సభకు తెచ్చితిమి. మనము కులములోనే సంబంధములు కలుపుకొందుము. అందును మేనరికములు మెండు. ఒకే తాతనుండి ఒకే లోపబీజము ఇరువురికిని వచ్చుట అట్టి సంబంధములలో సులభతరము. జాతకములు చూచుకొను మనము, నిశ్చితార్థమునకు ముందే వధూవరుల రక్తమును పరీక్షింపజేయుట న్యాయము కాదా?

ఒక్క హెచ్చరిక. పరీక్ష యిరువురికిని సమానముగా జరుగవలయును. వాహకురాలని తెలిసిన కన్యను దోషయుక్తగా నెంచుట అజ్ఞానము, అన్యాయము. వాహకుడు కాని వరునితో ఆమె సంతానమునకు ఆ ఘోరవ్యాధి భయము లేదు. పరీక్షాఫలము ఆ రెండు కుటుంబముల రహస్యముగా నుండవలెను.

మన సంఘమువారు ఈ తీర్మానమును స్వీకరించి, సంవత్సరమునకొకమాఱు రక్తపరీక్షా శిబిరము నేర్పఱుప ప్రార్థించుచు విరమించుచున్నాము.