ఊరిని గీయువారికి



చిత్రకళ నభ్యసించి వెలుపలికి వచ్చుచున్న మీతో ఒక్క విషయమును గూర్చియే, అదియు ఈ పావగడను ఎదుట పెట్టుకొని, మాటాడదలచితిని. ఆ విషయము ఊరిని గీయుట. దేవతామూర్తులను, స్త్రీరూపములను, పూలతీగలను గీయువారు మనలో కొల్లలు. వీథిని, గోడను, మిద్దెపైని నీళ్లతొట్టిని గీయవలెనని తోచువారు అరుదు. తోచినవారి మనస్సు సయితము చార్మినారు వైపునకో, బెంగుళూరు విధానసౌధము వైపునకో పరుగెత్తును గాని, తాము నిత్యము నడచు సందువైపు తిరుగదు. కన్నడదేశపు తాలూకా అయి యుండియు ఇంచుమించు అన్ని దిక్కుల ఆంధ్రదేశము చుట్టుకొనియున్న ఈ ఊరు, నడుమ రాతికొండ, కొండపై కోట, కొండ పాదమున ఇండ్లు, అంగళ్లు, శనిమహాత్ముని గుడి – ఇంతటి సామగ్రిని ముంగిట పోసి కూర్చున్నను, ‘ఇక్కడ గీయుట కేమున్నది?’ అని అడిగెడి చిత్రవిద్యార్థులను నేనెరుగుదును.

అట్లడుగువారికి ఇద్దరు చిత్రకారులను చూపెదను. దామెర్ల రామారావు (1897–1925) రాజమహేంద్రవరమునందు ఆంగ్లేయుడగు కూల్డ్రే దొర ప్రోత్సాహమును పొంది, బొంబాయి జె.జె. కళాశాలలో విద్య పూర్తిచేసికొని, పేరు సంపాదించిన పిదప ఆ మహానగరమునందే నిలిచిపోవచ్చును గదా! నిలువలేదు. గోదావరి యొడ్డునకు తిరిగివచ్చి, చిత్రములు వ్రాసి, పదిమందికి చిత్రకళ నేర్పి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మశూచికి బలియయ్యెను. మీకు పొరుగుననే దొడ్డబళ్ళాపురమున పుట్టిన రుమాలె చెన్నబసవయ్య (1910–1988) స్వాతంత్ర్యోద్యమమున, పత్రికారంగమున, రాజకీయములందు సగము జీవితము గడపి, ఆ మీదట బెంగుళూరు వీథుల పూలచెట్లను ఆరుబయట నిలిచి వర్ణతైలములతో చిత్రించెను. ఆ నగరము నేడు ఎట్లు మారినదో చూచినవారికి ఆయన పటములు మరియొక విధమున గూడ విలువైనవని నేను వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పని సంగతి. పట్టణచిత్రమునకు మొదటి గీత ఏది? ఇల్లు గాదు, కొండ గాదు, దిగంతరేఖ. అది సర్వదా గీయువాని కంటి ఎత్తుననే యుండును. పదునైదవ శతాబ్ది తొలిభాగమున ఫ్లారెన్సు నగరమున బ్రూనెల్లెస్కి చేసి చూపిన, 1435లో ఆల్బెర్టి గ్రంథస్థము చేసిన దూరదృశ్యవిధానము ఈ సూత్రమునే ఆధారము చేసికొన్నది. దీనిని పుస్తకమున చదివినకంటె ఇచటి బజారున నిలిచి చూచిన చక్కగ బోధపడును. సమతలమైన వీథిలో మీరు నిలుచున్నప్పుడు మీ యెత్తువారందరి తలలు – పది అడుగుల దూరమునందున్నవానివి గానీ, రెండువందల అడుగుల దూరమునందున్నవానివి గానీ – ఒక్క గీతమీదనే యుండును. పాదములు మాత్రము దూరము పెరిగినకొలది పైకి జరుగును. ఇంత సులభమైన సత్యమును గమనింపకయే, దూరపు మనుష్యులను చిన్నగ గీచి నేలమీద క్రిందికి దించివేసి, వీథి ఏల కూలినట్లున్నదని చింతించు విద్యార్థులెందరో!

అదే గీత మీతోకూడ కోట యెక్కును. మీరు ఎక్కినకొలది దిగంతము పైకి లేచును, ఊరు క్రిందికి దిగును, వీథిలో గోడలు మాత్రమే చూపిన ఇండ్లు ఇప్పుడు మిద్దెలు విప్పి చూపును. అచట ఎండబెట్టిన చింతపండో, చెనక్కాయలో, ఆరవేసిన చీరలో, నల్లని నీళ్లతొట్లో కానవచ్చును. చిక్కంతయు ఇచటనే యున్నది: కొండమీద కూర్చున్న విద్యార్థి, కంటి కగపడు మిద్దెను విడిచి, వీథిలో చూచి జ్ఞాపకముంచుకొన్న ద్వారమును, కిటికీని, అంగడి బోర్డును దానికి తగిలించును. బోర్డుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఈ ఊరి అంగళ్లలో బేరము తెనుగున సాగును, బోర్డుమీది వ్రాత కన్నడమున నుండును. రెండును మీకు వచ్చును గనుక అక్షరములను చూడగనే చదివివేయుదురు, చదివినదానిని పొందికగ వ్రాసిపెట్టుదురు, చిత్రము కాస్తా సైనుబోర్డుగ మారును. ఆ లిపి తెలియని పరదేశి యయినచో పసుపుమీద ఎరుపు మరకగ చూచి అట్లే వేసి సాగిపోవును. ఈ యొక్క విషయమున అతడే అదృష్టవంతుడు.

వెలుగును గూర్చి ఐరోపా పుస్తకములు చెప్పినదానిని కొంత జాగ్రత్తతో పుచ్చుకొనుడు. అవి ఏటవాలు సూర్యుని, పొడుగాటి నీడలను మనస్సున నుంచుకొని వ్రాసినవి. పావగడ భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు 14 డిగ్రీలపై నున్నది. ఏప్రిల్ నెల చివరను, మరల ఆగస్టు నడుమను మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ నడినెత్తిన నిలుచును గనుక నిలువుగోడకు నేలమీద నీడయే యుండదు. మిగిలినది సజ్జ క్రింది నీడ యొక్కటే, అదియే ఇంటికి ఆకారమిచ్చును. ఇచటి పొడిగాలికి నీటిరంగు పూత కాగితము ఈ కొస నుండి ఆ కొస చేరకమునుపే మొదట ఆరిపోయి గట్టి అంచు కట్టును. కాబట్టి ఆకాశము తెల్లవారుజామున వేయుడు, లేదా అంచు కట్టుటనే వినియోగించుకొని బండరాయిని వేయుడు. కొండ బూడిదరంగని ఎవరో చెప్పగా నమ్మవలదు. వాననీరు జారిన చోట్ల నల్లని చారలు, ఎండ తగిలిన చోట లేత గులాబి, సాయంకాలమున ఊదా – కన్నులుండగ డబ్బాలోని బూడిదరంగుతో ఏమి పని?

దూరదృశ్యసూత్రము నేర్చిన గర్వముతో లేపాక్షికి వెళ్లి, అచ్యుతరాయల కాలపు పైకప్పు చిత్రములను చూచి, ‘వీరికి లోతు తెలియదు’ అనుటకు తొందరపడకుడు. అచటి చిత్రకారుడు ఒక్కచోట కాలు నాటి నిలువలేదు. మండపమును ఎదుటినుండి, మనుష్యుని ప్రక్కనుండి, ఎవరి ప్రాముఖ్యమునుబట్టి వారి పరిమాణమును చూపెను. కోటమీదినుండి చూచిన ఊరును, వీథిలో నడచి ఎరిగిన ఊరును ఒకే పటమున చేర్చదలచినవానికి, ఫ్లారెన్సుకంటె లేపాక్షియే ఎక్కువ నేర్పునేమో యని నాకు తోచుచుండును.

ఇక ఊరు దాటి చూతము. ఈ తాలూకాలోనే తిరుమణి చుట్టుపట్ల ఐదు గ్రామములలో, రైతులు అమ్మక కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరముల నేలమీద వెలసిన 2,050 మెగావాట్ల సౌరక్షేత్రము పట్టణము గాదు, నిజమే. అయినను మనుష్యుడు కట్టిన వరుసలన్నియు ఒక్క బిందువున కలిసికొనుటను చూడవలెనన్న అంతకు మించిన పాఠశాల ఈ సీమలో లేదు. ఆ పలకలను నీలమని గాని నలుపని గాని నిశ్చయించుకొని పోవలదు. మేఘము కదలినప్పుడెల్ల అవి రంగు మార్చును. దానిని చిత్రించుటకు పూర్వపు మాదిరి యేదియు లేదు గనుక తప్పుపట్టువారును తక్కువ.

ఊరిలో మాత్రము తప్పుపట్టువారికి కొదువ యుండదు. శనివారమున గుడి ముంగిట కాగితము పరచి కూర్చొనుడు. నువ్వులనూనె దీపముల వాసన నడుమ, నిమిషములో మీ భుజముమీదుగ పది ముఖములు వ్రాలును. వారిలో ఒకరు, ‘ఆ యాపచెట్టు ఇట్ల వంగల్యా, అట్ల వంగింది గదా సామీ’ అని చెప్పుదురు. తలయెత్తి చూడుడు, తరచుగ వారి మాటయే నిజమగును. మరియొకరు, ‘మా ఇల్లు యాడుండాది?’ అని అడుగుదురు. జవాబు చెప్పిన తరువాతనే కుంచె ముట్టుకొనుడు.