లూసియా రైకర్ గొప్ప బాక్సరేనా?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస కేసులు, కూలి రేట్లు, భూమి పట్టాలు ఇన్ని సమస్యలు మన ముందుండగా ఈమె బాక్సింగ్ గురించి మాట్లాడుతుందేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. బాక్సర్ శరీరానికి మంచి కాలం చాలా తక్కువ. ఆ కొద్ది సంవత్సరాల్లో ఒక స్త్రీకి ఏం అందింది, ఏం అందలేదు అని లెక్క తీస్తే, ఆడవాళ్ల ప్రతిభను సమాజం ఎలా వృథా చేస్తుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

లూసియా రైకర్ 1967లో హాలండ్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. కిక్‌బాక్సింగ్‌లో ఏ స్త్రీ చేతిలోనూ ఓడిపోలేదు. 1996లో అమెరికాలో ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అడుగుపెట్టింది. మరుసటి ఏడు నవంబరులో ప్రపంచ టైటిల్ గెలిచింది. మొత్తం 17 పోటీలు, 17 గెలుపులు. అందులో 14 నాకౌట్లు. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మహిళ అని ఆమెకు పేరొచ్చింది. అయితే వరసగా పోటీలు చేసింది మొదటి మూడు నాలుగేళ్లే. తర్వాత పోటీలు అరుదైపోయాయి. 2004తో ఆగిపోయాయి.

మరి ఆమె గొప్ప బాక్సరేనా? బాక్సింగ్ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ చేతి వేగం, ఆ దెబ్బ బలం చూస్తే సందేహమెందుకని ఒక పక్షం. పదిహేడు పోటీలతో ఏం తేలుతుంది, ఆమె ఓడించిన వాళ్లలో చాలామంది ఆమెకు సాటి వచ్చేవాళ్లే కాదు కదా అని రెండో పక్షం. రెండో పక్షం మాటను నేను కొట్టిపారెయ్యను. ఆడది కాబట్టి మనం పొగడాలి అనే పద్ధతి నాకు నచ్చదు. అది మళ్లీ దయ చూపించడమే అవుతుంది. అందుకే ఆ మాటనే పట్టుకుని ఒక ప్రశ్న వేస్తాను. సాటి వచ్చే ప్రత్యర్థులు ఆమెకు ఎందుకు దొరకలేదు?

మహమ్మద్ అలీని చూడండి. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, 18 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు. మొత్తం 61 పోటీలు చేశాడు. 1971లో ఫ్రేజియర్ చేతిలో, 1973లో నార్టన్ చేతిలో ఓడిపోయాడు. మళ్లీ లేచి 1974లో ఫోర్‌మన్‌ను ఓడించాడు. ఓడించగలిగిన వాళ్లు ఎదురుగా ఉన్నారు కాబట్టే అలీ ఏమిటో లోకానికి తెలిసింది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967 నుంచి మూడున్నరేళ్లు ఆయన్ను రింగుకు దూరం పెట్టారు. అలీ మంచి వయసును దోచుకున్నారని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. సరైన మాటే. రైకర్ మొదటి ప్రొఫెషనల్ పోటీకి వచ్చేసరికి ఆమె వయసు 28. ఆ పోయిన కాలాన్ని దోపిడీ అని ఎవరైనా అన్నారా?

ఆ రోజుల్లో పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకుందాం. అమెరికాలో ఒక పదహారేళ్ల అమ్మాయి కోర్టుకెక్కితే గాని 1993లో అమెచ్యూర్ బాక్సింగ్ తలుపు ఆడవాళ్లకు తెరుచుకోలేదు. బ్రిటన్‌లో జేన్ కౌచ్ అనే బాక్సర్‌కు అక్కడి బోర్డు లైసెన్సు ఇవ్వలేదు. నెలసరి ముందు ఆడవాళ్లు నిలకడగా ఉండరట, అందుకని రింగులో ప్రమాదమట. మనం ఎన్ని ఆఫీసుల్లో విన్న మాట ఇది! ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్లి 1998లో గెలిచింది. తలకు తగిలే దెబ్బ మగవాడికీ ప్రమాదమే. కానీ ఆ ప్రమాదాన్ని తెలిసి ఎంచుకునే స్వేచ్ఛ మగవాడికే ఇచ్చారు. మహిళల మొదటి ప్రపంచ అమెచ్యూర్ పోటీలు జరిగింది 2001లో. ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2012లో. అప్పుడు కూడా మగవాళ్లకు పది బరువు విభాగాలు, ఆడవాళ్లకు మూడు. పిల్లలు నేర్చుకునే చోటు లేకుండా, జిల్లా పోటీలు లేకుండా, పెద్ద ప్రత్యర్థులు ఎక్కడి నుంచి పుడతారు?

రైకర్‌కు సాటి అనిపించిన మనిషి ఒకరుండేది. క్రిస్టీ మార్టిన్. 1996 మార్చిలో మైక్ టైసన్ పోటీ జరిగిన రాత్రి, అదే రింగులో ముక్కు నెత్తురు కారుతుండగా పోరాడి గెలిచి దేశమంతా తెలిసిపోయింది. వీళ్లిద్దరి పోటీ కోసం అభిమానులు ఏళ్ల తరబడి ఎదురు చూశారు. చివరికి 2005 జూలై 30న లాస్ వేగాస్‌లో ఖాయమైంది. అప్పటికి ఇద్దరికీ 37 ఏళ్లు. శిక్షణలో రైకర్ మడమ దగ్గరి నరం తెగింది. పోటీ రద్దయింది. మళ్లీ జరగనే లేదు.

మార్టిన్ సంగతి కూడా చెప్పాలి. ఆమె భర్తే ఆమె కోచ్, అతనే మేనేజర్. 2010లో ఆమె విడిపోతానన్నప్పుడు అతను ఆమెను కత్తితో పొడిచి, తుపాకీతో కాల్చాడు. ఆమె ప్రాణాలతో బయటపడి కోర్టులో సాక్ష్యం చెప్పింది. అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. రింగులో అందర్నీ పడగొట్టిన స్త్రీకి కూడా ఇల్లు, సంపాదన, శిక్షణ ఒకే మగవాడి చేతిలో ఉంటే ఏమవుతుందో మన కేసుల్లో మనం చూస్తూనే ఉన్నాం.

అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2020 జాబితాకు మొట్టమొదటిసారి స్త్రీలను ఎంపిక చేసినప్పుడు, రైకర్, మార్టిన్ ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి. సంతోషమే. అయినా ఆ గౌరవం నా ప్రశ్నకు జవాబు కాదు. ఆమె నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. ఇరవై ఏళ్లకే రింగు దొరికి, గట్టి ప్రత్యర్థులు వరసగా ఎదురై ఉంటే అలీ అంత ఎత్తుకు ఎదిగేదా? ఎదిగేదేమో. రెండుసార్లు ఓడిపోయి మామూలు బాక్సర్‌గా మిగిలేదేమో. ఏదైనా అది ఆమె ఫలితం అయ్యుండేది. ఆమెకు దక్కనిది ఆ పరీక్షే. మనం అవకాశాలు అడిగేటప్పుడు ఎప్పుడూ గెలుపు గురించే మాట్లాడతాం. న్యాయమైన పోటీలో ఓడిపోవడం కూడా హక్కే. అది లేకపోతే తన బలం ఎంతో మనిషికి తనకే తెలియదు.

ఈ మాటకు మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2019లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ పెట్టమని బహిరంగంగా అడిగింది. ఎదురుగా ఉన్నది ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ మేరీ కోమ్. పెద్దవాళ్లను ప్రశ్నిస్తావా అని విమర్శించిన వాళ్లున్నారు. ఆ డిసెంబరులో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ ఓటమే ఆమెను గెలిపించిందని నేను అనను. కానీ తన స్థాయి ఎంతో ఆమె బరిలోనే తేల్చుకుంది. అప్పటికి ఆమె వయసు 23. రైకర్ ఆ వయసుకు ప్రొఫెషనల్ బాక్సింగ్ రింగులో అడుగే పెట్టలేదు.

కాబట్టి ఊళ్లలో, బస్తీల్లో ఆడపిల్లలతో పనిచేసే మీకు నా విజ్ఞప్తి ఒకటే. పథకం ఉందా, అనుమతి ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఈ పిల్ల ఏ వయసులో మొదటి పోటీకి వెళ్లింది? ఏడాదికి ఎన్ని పోటీలు దొరుకుతున్నాయి? ఎంపిక ట్రయల్ పెట్టి చేశారా, గదిలో కూర్చుని చేశారా? కోచ్ మీద ఫిర్యాదు చేయాలంటే ఆ కోచ్ ప్రమేయం లేని కమిటీ ఉందా? ఓడిపోయి వచ్చిన పిల్లను ఇంట్లో పెళ్లికి తొందర పెడుతున్నారా, మళ్లీ శిక్షణకు పంపుతున్నారా? ఈ వివరాలు రాసిపెట్టండి. వచ్చే సమావేశానికి తీసుకురండి. అధికారుల ముందు పెట్టడానికి మనకు ఆ లెక్కలే ఆధారం.

మంచి వయసు ఎవరి కోసమూ ఆగదు. కేసు గెలిచేసరికి, నిబంధన మారేసరికి ఒక తరం బరి దాటి వెళ్లిపోతుంది. అందుకే హక్కు అడిగేటప్పుడు అది ఎప్పటిలోగా అందాలో కూడా అడుగుదాం.