అచ్చు కరగినను తీగ నిలుచును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవవేళ రజతమును గూర్చిన ఒక నూతన వృత్తాంతమును వినుట సముచితము.

ఊరి కంసాలి వెండికడ్డీని కమ్మచ్చు బెజ్జములలో పెద్దదానినుండి చిన్నదానికి వరుసగా దూర్చి, పట్టకారుతో లాగి తీగ తీయును. బెజ్జము చిన్నదైనకొలది తీగ సన్నగిల్లును. హద్దు మీరినచో తెగును. విద్యుత్ పరికరములు నానాటికి సూక్ష్మములగుచుండగా శాస్త్రజ్ఞులు కోరిన తీగ ఆ హద్దునకు ఎంతో దిగువనున్నది. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. తలవెండ్రుక లావు కొన్ని పదులవేల నానోమీటర్లు. వారికి వలసిన తీగ లావు నూరు, అంతకంటెను తక్కువ. అట్టిదానిని లాగు కమ్మచ్చు లేదు. కావున వారు లాగుట మాని, మూసను వెదకిరి.

1998లో ఇజ్రాయెల్ దేశమున హైఫా నగరమందలి టెక్నియన్ విద్యాసంస్థలో ఎరెజ్ బ్రౌన్, ఆయన సహచరులు ఒక డి.ఎన్.ఏ. పోగును రెండు బంగారు ధ్రువముల నడుమ వంతెనవలె నిలిపిరి. ద్రావణములోని వెండి అయానులు ఆ పోగునకు అంటుకొనినవి. ఛాయాచిత్రములను కడుగుటకు వాడు హైడ్రోక్వినోనుతో వానిని వెండిరేణువులుగా మార్చి, అవి ఒండొంటితో కలియువరకు పెంచిరి. 12 మైక్రోమీటర్ల నిడివి, సుమారు 100 నానోమీటర్ల లావుగల తీగ ఏర్పడెను. దండలో దారమువలె పోగు లోపలనే యుండెను.

రెండవ వృత్తాంతము ఇంకను వింతయైనది. ఆల్జీమర్స్ అను మతిమరపు వ్యాధియందు అమిలాయిడ్ అను మాంసకృత్తు మెదడులో పోగులుపడి పేరుకొనును. టెలవీవ్ విశ్వవిద్యాలయమున మెయిటల్ రెచెస్, ఎహుద్ గజిట్ అనువారు ఆ మాంసకృత్తులోని మిక్కిలి చిన్న తునకను, అనగా రెండు ఫినైల్ అలనీనుల జంటను, పరీక్షించిరి. నీటిలో ఆ జంటలు తమంతట తామే కూడి బోలు గొట్టములైనవి! ఆ గొట్టములలో వెండి అయానులను లోహముగా మార్చి, పిదప మాంసకృత్తులను జీర్ణముచేయు ఎంజైముతో గొట్టమును కరగించిరి. సుమారు 20 నానోమీటర్ల లావుగల వెండితీగ మిగిలెను. ఈ ఫలితము 2003లో ప్రకటితమైనది.

ఈ మార్గము శిల్పులకు క్రొత్తది కాదు. మైనపు ప్రతిమకు మట్టి పూసి, మైనమును కరగించి, ఆ బోలులో లోహము పోసి, మట్టిని పగులగొట్టు మధూచ్ఛిష్ట విధానమును 12వ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమున వర్ణించెను. భేదమొక్కటియే: అచట మూసను శిల్పి చేయును, ఇచట మూస తానే అమరును.

ఒక తీగ చేసినంతమాత్రమున యంత్రము కాదు. కోట్లకొలది తీగలను వలసినచోట నిలుపుట కష్టతరమైన కార్యము. అయినను ఒక్క మాట స్మరణీయము. మనుజుని జ్ఞాపకమును హరించు వ్యాధిని చూచి విజ్ఞులు మొగము త్రిప్పుకొనలేదు. దాని తునకను శ్రద్ధగా పరిశీలించిరి. కీడునందును పనికివచ్చు గుణము కనబడెను. గ్రామమునకు జ్ఞాపకశక్తియైన ఈ గ్రంథాలయమున బాలబాలికలు పురాణేతిహాసములతోపాటు ఇట్టి శాస్త్రవిషయములను గూడ శ్రద్ధతో చదువుదురుగాక!